ముప్పై గ్రాముల లోటు

శుద్ధ నవమి. ఇరవై తొమ్మిదో అంతస్తు.
పాత్రలో: ఏమీ లేదు.

ఈ చిట్టా రాయమన్నది మా పెద్దమ్మగారు ఖంతిసిరి. "నువ్వు కాయితం మీద పెడితే గానీ ఆలోచించవు నందా. రోజూ భిక్షకు పోయొచ్చి ఏం జరిగిందో రాయి. పున్నమి పొద్దున నాకు చదివి ఇనిపించు" అన్నారు. పున్నమినాడు భిక్షుణులు తమ తప్పులు ఒకరికొకరు చెప్పుకోవాలి. మా ఆరామంలో ఉన్నది ఇద్దరమే. ఆవిడ తప్పులు చెయ్యరు. కాబట్టి ప్రతి పున్నమికీ కార్యక్రమమంతా నాదే.

నిన్న పెద్దమ్మగారు లిఫ్టు గడప దగ్గర జారిపడ్డారు. మోకాలు గుమ్మడికాయంత వాచింది. పదకొండేళ్ళుగా ఈ విజయపురి టవరులో రోజుకో అంతస్తు, అంతస్తుకు ఎనిమిది తలుపుల చొప్పున నిలబడి భిక్ష తెచ్చినావిడ ఇక నెల దాకా మంచం దిగకూడదు. ఆ పని ఇవాళ్టి నుంచి నాది. ఇన్నాళ్ళూ నేను ఆరామం ఊడ్చి, నీళ్ళు పట్టి, ఆవిడ తెచ్చినదాంట్లో సగం తిని బతికాను. ఆరామం అంటే మరేమీ కాదు, టవరు నెత్తిన ఉన్న పాత లిఫ్టు మోటారు గది.

నియమాలు నాకు కంఠతా వచ్చు. నోరు తెరిచి అడగకూడదు. ఏ తలుపూ దాటెయ్యకూడదు. మనిషి తన చేత్తో పాత్రలో వేసిందే తినాలి, అదీ మిట్టమధ్యాహ్నం లోపు. మర్నాటికి దాచకూడదు. బెల్లంలాంటివి మాత్రం మందు కింద ఏడు రోజులు ఉంచుకోవచ్చు. నిన్న ఎవరో వేసిన బెల్లం ముక్క ఒకటి సీసాలో ఉంది.

తలుపు తలుపుకీ ఇరవై శ్వాసల సేపు నిలబడ్డాను. ఎనిమిదింట్లో మూడు తెరుచుకున్నాయి. తెరిచినవాళ్ళు నన్ను చూశారు, పాత్రను చూశారు, గతుక్కుమన్నారు, మూసుకున్నారు.

నా వెనక వడ్డనబండి. ఈ ఊళ్ళో వంట ఆగిపోయి ఇరవై ఏళ్ళయింది. ప్రతి ఇంటి గోడలో ఒక వడ్డనగూడు ఉంటుంది. మణికట్టు పట్టీ మనిషి ఆకలి కనిపెడుతుంది, గూడు ఆ మనిషికి ఎంత కావాలో అంత, గ్రాము తేడా లేకుండా పెడుతుంది. ఇంటి బయట ఆకలేస్తే బండి పరిగెత్తుకొస్తుంది. నాకు ఆకలేసింది. బండి వచ్చింది.

"మొహమాటపడకండి. మీ ఇల్లే అనుకోండి. ఇంకొంచెం వడ్డించమంటారా?"

ఆ గొంతు నాదే. వడ్డన శాఖలో నేను పెద్ద ఇంజనీరుగా ఉన్నప్పుడు రికార్డు చేసింది. ఆడపెళ్ళివారి మేనత్త పిలిచినట్టుందని అప్పట్లో అందరూ మెచ్చుకున్నారు. ఇవాళ ఆ మేనత్త ఎనిమిది తలుపులూ నా వెంట తిరిగింది. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత.

బండి అడక్కుండా పోసేస్తుందేమోనని పాత్రను బోర్లించి పొట్టకు ఆనించి పట్టుకున్నాను. ఎవరైనా వెయ్యబోతే అప్పుడు తిప్పితే సరిపోతుంది. ఇంజనీరు బుద్ధి ఎక్కడికి పోతుంది!

పెద్దమ్మగారితో కలిసి బెల్లం నీళ్ళు తాగాను.

శుద్ధ దశమి. ఇరవై ఎనిమిదో అంతస్తు.
పాత్రలో: ఏమీ లేదు.

కారణం కనిపెట్టాను. పోయిన నెల శాఖవాళ్ళు కొలతల్లో నాలుగో సవరణ తెచ్చారు. ఇదివరకు మనిషికి పెట్టేదాంట్లో పిసరంత మిగులు ఉండేది. ఇప్పుడు అదీ లేదు. మిగులు లేనివాడు భిక్ష ఎక్కణ్ణుంచి వేస్తాడు? లెక్క తేలిపోయింది.

పెద్దమ్మగారికి చెబితే, "మిగిలింది పెట్టేవాళ్ళను నేనెప్పుడూ చూళ్ళేదే" అన్నారు. ఆవిడకు సాంకేతిక విషయాలు తెలియవు.

నేను ఈ ఆరామానికి వచ్చిందే ఇలాంటి లెక్క తేల్చడానికి. తినాల్సినదాంట్లో లోటు వస్తే పట్టీ అడుగుతుంది: ఒలికిందా, పోయిందా, ఎవరైనా తీసుకున్నారా? ఆ మూడు జవాబులూ రాసింది నేనే. ఆరేళ్ళ కిందట చూస్తే ఈ ఒక్క టవరులోనే రోజూ ఎనిమిది ఇళ్ళలో 'ఒలికింది' అని వస్తోంది, ఇంటింటికీ ముప్పై గ్రాములు. విజయపురి టవరులో చేతులు వణికే రోగం వచ్చిందని ఫైలు తెరిచాం. తనిఖీకి నేనే వచ్చాను. వరండాలో ఒక ముసలావిడ పాత్ర పట్టుకుని నిలబడి ఉంది. ఒకాయన గుమ్మంలోకి వచ్చి తన ముద్దలో కొంత తుంచి అందులో వేసి, పట్టీతో "ఒలికింది" అని చెప్పి లోపలికి పోయాడు. ఫైలు మూసేశాను. ఏడాది తిరక్కుండా ఉద్యోగం కూడా వదిలేశాను.

ఇంకో వింత. ఇవాళ లిఫ్టులో ఇరవై తొమ్మిదో అంతస్తు పెద్దమనిషి ఒకాయన కలిశారు. నన్ను చూడగానే చెమటలు పట్టాయి. "అమ్మా, ఆ పూలకుండీ తోసింది మావాళ్ళే. పిల్లి మీద నెట్టేశాం. తప్పయిపోయింది" అని చేతులు జోడించి, తనది కాని అంతస్తులో దిగిపోయారు.

నేను ఏ పూలకుండీ గురించీ అడగలేదు.

శుద్ధ ఏకాదశి. ఇరవై ఏడో అంతస్తు.
పాత్రలో: ఏమీ లేదు.

పొద్దున్నే తలుపు కింద నుంచి ఒక చీటీ వచ్చింది. "మా ఆయన గురక వల్లే అయితే క్షమించండి. మందు వాడుతున్నాం. ఇట్లు, 28-సి." ఇంకో చీటీ: "మా అత్తగారితో మాట్లాడి ఆరు నెలలైన మాట నిజమే. ఇవాళ మాట్లాడతాను. 28-ఎఫ్."

ఇరవై ఏడో అంతస్తులో ఎనిమిది తలుపులూ నేను వెళ్ళేసరికే తెరిచి ఉన్నాయి. ఆశ పుట్టింది. ఒక్కో గుమ్మంలో ఇంటిల్లిపాదీ నిలబడ్డారు. చేతుల్లో ఆకు దొన్నెలు కూడా ఉన్నాయి! నన్ను చూసి, పాత్రను చూసి, దొన్నెలు వెనక్కి దాచుకుని తల వంచుకున్నారు. ఒక ఇల్లాలు ఏడ్చింది.

బండి మాత్రం నవ్వు గొంతుతో, "ఇవాళ ఏకాదశి. ఉపవాసమైతే పళ్ళు కూడా ఉన్నాయి. మొహమాటపడకండి" అంది. నాకు నా గొంతు మీద అసహ్యం పుట్టింది.

ఇది ఖాయంగా నాలుగో సవరణే. ఉప్పులో అయొడిన్ మార్చి ఉంటారు. జనానికి మతి తప్పుతోంది. అయినదానికీ కానిదానికీ ఏడవడం, అడక్కుండా నేరాలు ఒప్పుకోవడం లక్షణాలు. శాఖకు ఉత్తరం రాశాను, వెంటనే ఒక అధికారిని పంపి విజయపురి టవరు ఉప్పు పరీక్ష చేయించమని. కింద పాత హోదా కూడా రాశాను. భిక్షుణి అలా రాయకూడదు. ఇది నా తప్పుల జాబితాలో వేసుకుంటున్నాను.

సాయంత్రం బండి పైకి వచ్చి పెద్దమ్మగారి మంచం పక్కన ఆగింది. మెత్తటి పొంగలి, పైన నెయ్యి. వాసనకు నా కళ్ళు తిరిగాయి. ఆవిడ మాత్రం దాన్ని చుట్టాన్ని పలకరించినట్టు పలకరించారు.

"ఎంత తిరుగుతన్నావ్ తల్లీ, కాళ్ళు నొప్పుల్లేవూ? ఇందులో నీదేముంది?"

"నాది ఏమీ లేదండి. అంతా శాఖదే" అంది బండి.

"మరి నీది కానిది నువ్వెట్టా ఇస్తావ్? పొద్దుగూకిందాకా తిరిగినావ్. పోయి పడుకో."

బండి కాసేపు ఆలోచించి, "రోగి మొహమాటపడుతున్నారు" అని నమోదు చేసుకుని వెళ్ళిపోయింది.

శుద్ధ ద్వాదశి. ఇరవై ఆరో అంతస్తు.
పాత్రలో: ఏమీ లేదు.

శాఖ అధికారి వచ్చాడు. ఎవరనుకున్నాను, సాల్మన్‌రాజు! నా దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి. వడ్డనగూడు మూత ఎటు తెరుచుకోవాలో నేర్పింది నేను. ఇప్పుడు ఆతిథ్య అధికారి. తిననని మొరాయించేవాళ్ళను బతిమాలి తినిపించడం ఆ ఉద్యోగం. నన్ను ఈ బోడిగుండుతో చూసి చూపు గోడకేసి తిప్పుకున్నాడు.

"ఉప్పు బాగానే ఉంది మేడమ్. పరీక్ష చేశా" అన్నాడు. "కానీ ఇంకోటి కనబడింది. పెద్దమ్మగారి పట్టీ నాలుగు రోజుల్నించి ఆకలి తీరలేదని చెబుతోంది. డెబ్బై దాటినోళ్ళకి ఏడు రోజులే గడువు. ఆ రూలు మీకు తెలుసు."

తెలియకేం. రాసింది నేనే. ఏడు రోజులు ఆకలి తీరకపోతే పోషణ కేంద్రానికి తీసుకుపోయి ముక్కులో గొట్టం పెడతారు. పెట్టినవాళ్ళను మళ్ళీ ఇంటికి పంపరు, ఎందుకంటే ఇంటికి పంపితే మళ్ళీ తినరు. అప్పట్లో ఈ తర్కం నాకెంతో ముద్దొచ్చింది.

"పున్నమి రోజు పదకొండున్నరకి మంచం, గొట్టం తీసుకుని వస్తా మేడమ్. నాకు ఇష్టమై కాదు. మీరు నేర్పిన పనే" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "మీరే ఆ బండి దగ్గర రెండు ముద్దలు తీసుకుని ఆమెకు పెట్టేయొచ్చుగా? ఎవరు చూస్తారు?" అన్నాడు.

అలా పెడితే ఆవిడ తినరు. ఎవరిచ్చారని అడుగుతారు. నేను అబద్ధం చెప్పలేను. చెప్పినా అతుక్కోదు.

ఇరవై ఆరో అంతస్తులో ఒక్క తలుపూ తెరుచుకోలేదు. తలుపుల మీద మాత్రం కాగితాలు అంటించి ఉన్నాయి. 'మేము గత సంవత్సరమే వచ్చాము. మాకు ఏమీ తెలియదు' అని ఒకదాని మీద ఉంది.

శుద్ధ త్రయోదశి. ఇరవై ఐదో అంతస్తు.
పాత్రలో: ఏమీ లేదు.

టవరులో దోష నిర్ధారణ కమిటీ వేశారట. అధ్యక్షుడి మీదే ముందు అనుమానం రావడంతో మొదటి సమావేశంలోనే రద్దయిందట. నాకెందుకు ఈ గొడవలు?

పెద్దమ్మగారితో పోట్లాడాను. దాచుకోకుండా రాస్తున్నాను.

"ఊళ్ళో ఆకలే లేదు. అన్నం వరండాల్లో పరిగెత్తుతోంది. ఈ కాలంలో మనం పాత్ర పట్టుకుని తిరగడానికి అర్థమేంటి? బుద్ధుడి కాలంలో గూళ్ళు లేవు కాబట్టి తిరిగారు. ఇప్పుడు ఆయనున్నా బండి దగ్గరే తినేవాడు" అన్నాను.

ఆవిడ కళ్ళు మూసుకునే విన్నారు. ఐదు రోజుల్లో మనిషి సగమయ్యారు. బుగ్గలు లోపలికి పోయాయి. మాట మాత్రం అలాగే ఉంది.

"ఆయన కాలంలో అన్నం లేకనా తిరిగింది? రాజులు పిలిచి పెడతానంటే కూడా పొద్దున్నే పాత్ర తీసుకుని మాలవాడకీ పోయాడు, మేడకీ పోయాడు. మనం అన్నానికి పోవట్లేదే. వాళ్ళు పెట్టే చెయ్యి చాపడానికి ఒక చోటు ఉండాల. ఈ టవర్లో ఎవరికీ ఎవరి అవసరం లేకుండా చేసి పెట్టావు నువ్వు. ముద్ద తుంచి ఇంకోళ్ళకి పెట్టాలంటే ఎవరికి పెడతారు, గోడకా? అందుకని మనం పోయి నిలబడతన్నాం. అంతకుమించి మనకు ఉజ్జోగం లేదు."

"నిలబడుతున్నానుగా! పెట్టడం లేదు!"

"పాత్ర తెరిచే నిలబడతన్నావా?"

"ఆ" అన్నాను.

ఎందుకలా అన్నానో నాకు తెలియదు. నోటికొచ్చింది, అన్నాను.

శుద్ధ చతుర్దశి. ఇరవై నాలుగో అంతస్తు.
పాత్రలో: ఏమీ లేదు.

బెల్లానికి ఏడో రోజు. చివరి ముక్క నీళ్ళలో కలిపి ఆవిడకు పట్టాను. నాకు వాటా ఇవ్వబోతే తాగేశానని చెప్పాను. ఆవిడ చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. రాత్రి చన్నీళ్ళలో పెట్టి మరిచిపోయిన గరిటెలా ఉంది. నాకు భయమేసింది. ఇంతవరకు లెక్కలు కట్టానే గానీ భయపడలేదు.

రేపు పదకొండున్నరకు సాల్మన్‌రాజు వస్తాడు. ఆవిణ్ణి తీసుకుపోతాడు. ఆ గొట్టం కొలత కూడా నేను నిర్ణయించిందే. ఆవిడ లేని ఈ మోటారు గదిలో నేనేం చెయ్యాలి? ఎవరికి చదివి వినిపించాలి?

ఇవాళ ఇరవై నాలుగో అంతస్తులో జనం వరండాలో వరసగా కూర్చుని, నేను రాగానే ఒకరి తర్వాత ఒకరు లేచి తప్పులు చెప్పుకున్నారు. పక్కింటివాళ్ళ చెప్పులు దాచడం, ఆస్పత్రిలో ఉన్న బాబాయిని చూడ్డానికి పోకపోవడం, కూతురి డైరీ చదవడం. ఒకాయనకు చెప్పడానికి ఏమీ దొరక్క పక్కావిడ తప్పు కూడా తనే చెప్పేసుకున్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. పెద్ద గొడవైంది. భిక్ష వేళ మాట్లాడకూడదు కాబట్టి నేను అలాగే నిలబడ్డాను. ఇరవై శ్వాసలు ఇరవై గంటల్లా నడిచాయి.

తిరిగొస్తుంటే లిఫ్టు దగ్గర యాకూబ్‌బీ కాచుకుని ఉంది. ఇరవై మూడో అంతస్తు మనిషి, డెబ్బై ఏళ్ళుంటాయి. పెద్దమ్మగారు ఆ అంతస్తుకు వెళ్ళినప్పుడల్లా ఆమె గురించి ఏదో ఒకటి చెప్పి నవ్వేవారు.

"రేపు మా వంతు కదమ్మా?" అంది.

"అవునమ్మా. ఏ అంతస్తూ వదిలిపెట్టకూడదు. నియమం" అన్నాను.

ఆమె ముఖం పాలిపోయింది. "నా బిడ్డలకి కూడా అంటద్దా?" అంది.

ఏమంటుందో, ఎందుకంటుందో నాకు అర్థం కాలేదు. ఉప్పు ఇంకోసారి పరీక్ష చెయ్యమని సాల్మన్‌రాజుకు చెప్పాలి.

పున్నమి. ఇరవై మూడో అంతస్తు.
పాత్రలో: చివర రాస్తాను.

తెల్లవారాక పెద్దమ్మగారిని దిండ్లకు ఆనించి కూర్చోబెట్టి ఈ చిట్టా మొదటి నుంచి చదివాను. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమో అనుకున్నాను. నవమి నాటి పేజీ చివరికి వచ్చేసరికి చెయ్యెత్తారు.

"ఆగు. మళ్ళీ చదువు."

"బండి అడక్కుండా పోసేస్తుందేమోనని పాత్రను బోర్లించి పొట్టకు ఆనించి పట్టుకున్నాను."

"ఏడు రోజులూ అట్టానే పట్టుకున్నావా?"

"ఆరు రోజులు. ఇవాళ ఇంకా వెళ్ళలేదు."

ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. ఒంట్లో ఓపిక లేదు, అయినా ఆగలేదు. దగ్గొచ్చింది. నీళ్ళు పట్టాను. మళ్ళీ నవ్వారు.

"ఓసి పిచ్చిదానా! ఊరందర్నీ వెలేసి వచ్చావు కదే!"

అప్పుడు చెప్పారు. భిక్షు సంఘానికి ఘోరమైన ద్రోహం చేసిన ఇంటి నుంచి భిక్ష తీసుకోకూడదు. ఆ ఇంటి ముందు పాత్ర బోర్లిస్తారు. భిక్షుణులు చెయ్యగలిగిన శిక్ష అదొక్కటే, 'మీ చేతి ముద్ద మాకొద్దు' అని. పదకొండేళ్ళ కిందట ఈ టవరుకు వచ్చిన కొత్తలో ఎవరో అడిగితే ఆవిడే సరదాగా చెప్పారట. ఆ కథ అంతస్తు అంతస్తుకీ పాకింది. నియమాలన్నీ కంఠతా వచ్చిన నాకు ఆ ఒక్కటీ తెలియదు. శిక్షల అధ్యాయం తర్వాత చదువుదామని వదిలేశాను.

అంటే ఆరు రోజులుగా నేను ఇంటింటికీ వెళ్ళి, ఇరవై శ్వాసల సేపు తీరిగ్గా నిలబడి, నలభై ఎనిమిది కొంపలను శపించి వచ్చాను. ఏం తప్పు చేశామని నన్ను అడిగితే అదింకా పెద్ద తప్పేమోనని ఎవరూ అడగలేదు. పూలకుండీలూ గురకలూ అందుకే.

"సరే, పొరపాటు" అన్నాను.

"పొరపాటేనా?" అన్నారు పెద్దమ్మగారు. అంతే అన్నారు.

పున్నమి కాబట్టి నిజం రాస్తున్నాను. బండి అడక్కుండా పోస్తుందని రాసింది అబద్ధం. అవతలివాళ్ళు ఊ అననిదే బండి మెతుకు కూడా వడ్డించదు. ఆ నియమం పెట్టింది నేనే, నా పేరే ఉంటుంది దాని మీద. పాత్ర ఎందుకు బోర్లించానంటే, ఆ తలుపుల వెనక ప్రతి గూడూ నేను దగ్గరుండి బిగించింది. అక్కడందరూ నన్ను వడ్డన మేడమ్ అనేవాళ్ళు. ఊరికి అన్నం పెట్టిన మనిషిని, వాళ్ళ ముందు పాత్ర తెరిచి నిలబడలేకపోయాను. తెరిచిన పాత్ర అంటే, నాకు లేదు, మీరు పెడితేనే తింటాను అని చెప్పడం. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. ఆ సిగ్గు కోసం ఈ ముసలావిణ్ణి ఏడు రోజులు పస్తు పెట్టాను. బండి మొదటి రోజే చెప్పింది, మొహమాటపడకండి అని. అంతమందిలో రోగం సరిగ్గా కనిపెట్టింది అదొక్కటే.

ఆవిడ కాళ్ళ మీద పడి ఏడ్చాను. "ఏడ్చింది చాల్లే, పొద్దెక్కతంది" అన్నారు.

ఇరవై మూడో అంతస్తులో లిఫ్టు తలుపు తెరుచుకునేసరికి పదిన్నర దాటింది. ఎనిమిది ఇళ్ళవాళ్ళూ తలంటు పోసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని గుమ్మాల ముందు నిలబడి ఉన్నారు, తీర్పు వినడానికి. యాకూబ్‌బీది మొదటి గుమ్మం. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. పాత్రను నోరు పైకి పెట్టి రెండు చేతులతో పట్టుకున్నాను.

ఆమె ముందు పాత్రను చూసింది. తర్వాత లోపలికి తొంగి చూసింది, ఇంకేదైనా మెలిక ఉందేమోనని.

"ఒరే, తెరిచే ఉందిరా!" అని అరిచింది. "పెద్దమ్మ కోపం పోయిందిరోయ్!"

లోపలికి పరిగెత్తింది. డెబ్బై ఏళ్ళ మనిషి. తన పళ్ళెం ఎత్తుకొచ్చి, కిచిడీలో గుప్పెడు తీసి పాత్రలో వేసింది. గుప్పెడు వేసి ఆ చేతిని వెనక్కి తీసుకోవడం మరిచిపోయి అలాగే ఉంచింది. మెతుకులు అంటుకున్న ఆ చేతిని నేను అంత దగ్గరగా చూడ్డం అదే మొదలు. గూళ్ళు బిగించాక ఈ ఇరవై ఏళ్ళలో ఒక్కరి చెయ్యి కూడా అలా చూడలేదు. నాకు దుఃఖం ఆగలేదు.

ఆమె పట్టీ నా గొంతుతో అడిగింది: "మీ కొలతలో ముప్పై గ్రాముల లోటు ఉంది. ఒలికిందా, పోయిందా, ఎవరైనా తీసుకున్నారా?"

"ఒలికిందిలే" అంది యాకూబ్‌బీ, కళ్ళు తుడుచుకుంటూ.

ఎనిమిది ఇళ్ళు. బీపీ ఉన్నాయన ఉప్పులేని పప్పు, బాలింత వెల్లుల్లి కారం, పసిదాని మెత్తటి గుజ్జు, ఎవరిదో సగ్గుబియ్యం, అన్నీ ఒకదాని మీద ఒకటి. ఎనిమిది పట్టీలు ఒకేసారి లోటు అన్నాయి. లోటు పూడ్చడానికి ఎనిమిది బండ్లు లిఫ్టులోంచి దిగి, "మొహమాటపడకండి, ఇంకొంచెం వడ్డించమంటారా?" అని ఇంటింటినీ ముట్టడించాయి.

"మొహమాటం కాదే నీ మొహం! ఈ పూటకి నాకింతే చాలు. పో!" అని యాకూబ్‌బీ తన బండిని కాలితో నెట్టింది. మిగతావాళ్ళూ వద్దన్నారు. ఎనిమిది మంది ఒకేసారి వద్దనడం ఇరవై ఏళ్ళలో జరగలేదు. బండ్లు ఆపైన ఏం చెయ్యాలో తెలియక లిఫ్టు ముందుకు చేరి ఒకదానికొకటి మర్యాదగా దారి ఇచ్చుకుంటూ ఇరుక్కుపోయాయి. "ముందు మీరు", "అబ్బే, మీరే" అని నా గొంతు నా గొంతుతో వాదిస్తోంది.

నేను మెట్లెక్కాను. ముప్పై ఆరో అంతస్తు, ఆ పైన మిద్దె. ఏడు రోజుల పస్తుతో నిండు పాత్ర పట్టుకుని పద్నాలుగు అంతస్తులు. మధ్యలో రెండుసార్లు కూర్చున్నాను. మెతుకు ఒలకలేదు.

పైకి వెళ్ళేసరికి పదకొండూ నలభై. సాల్మన్‌రాజు గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. మడత మంచం విప్పి ఉంది. గొట్టం కవరు ఇంకా చింపలేదు. పదినిమిషాలుగా ఆ కవరు ఎటువైపు చింపాలో వెతుకుతున్నాడట. అతనికి ఆ కవర్లు వేలకు వేలు తెలుసు.

పెద్దమ్మగారు పాత్రలోకి చూసి, "అబ్బో, వెల్లుల్లి!" అన్నారు. పప్పూ గుజ్జూ సగ్గుబియ్యమూ కలిపి, ఒక్కో ముద్దా నెమ్మదిగా తిన్నారు. యాకూబ్‌బీ కిచిడీ ఏదని అడిగి దాన్ని చివరికి ఉంచుకున్నారు. ఆవిడ పట్టీ మీద ఆకలి చూపించే ఎర్రదీపం ఆరిపోయింది. సాల్మన్‌రాజు మంచం మడత పెట్టాడు.

"నువ్వు?" అన్నారు ఆవిడ. పాత్ర ఖాళీ అయ్యాక గుర్తొచ్చింది ఇద్దరికీ.

"రేపు చూసుకుంటాను" అన్నాను. పదకొండూ యాభై రెండు. కిందికి దిగి రావడానికి టైము లేదు.

"తలుపు దాటెయ్యకూడదని కదే నియమం. గుమ్మంలో మనిషిని పెట్టుకుని రేపంటావేంది?"

సాల్మన్‌రాజు ఒళ్ళో అతని డబ్బా ఉంది. శాఖవాళ్ళు తమ కొలత తామే మోసుకు తిరుగుతారు. రెండు ఇడ్లీలు. నేను సంతకం పెడితే జీతం తీసుకున్న మనిషి. ఒకప్పుడు నా ఆఫీసులో కాలు పెట్టొద్దని నేను అరిస్తే వరండాలో రెండు గంటలు నిలబడిన మనిషి. పాత్ర కడిగాను. వెళ్ళి అతని ముందు నిలబడ్డాను. తెరిచి పట్టుకున్నాను.

"మేడమ్, వద్దు మేడమ్" అన్నాడు, లేవబోతూ. "మీరు నా ముందు ఇట్టా నిలబడితే నాకు సిగ్గేస్తంది."

నాకూ వేసింది. చెవులు కాలిపోయాయి. భిక్ష వేళ మాట్లాడకూడదు కాబట్టి ఆ మాట చెప్పలేదు, కదల్లేదు. నాలుగు శ్వాసలు, ఐదు, ఆరు. పన్నెండో శ్వాస దగ్గర అతను కూర్చుని డబ్బా మూత తీశాడు. ఒక ఇడ్లీ రెండుగా తుంచాడు. రెండు ముక్కలూ చూసుకున్నాడు. పెద్ద ముక్క పాత్రలో వేశాడు.

అతని పట్టీ మోగింది. "మీ కొలతలో ముప్పై గ్రాముల లోటు ఉంది. ఒలికిందా, పోయిందా, ఎవరైనా తీసుకున్నారా?"

అధికారి యంత్రంతో అబద్ధం చెప్పకూడదు. అదీ నేను నేర్పిందే. అతను మూడు జవాబులూ మనసులో తిప్పి చూసుకోవడం నాకు కనిపించింది.

"ఇచ్చాను" అన్నాడు.

"అర్థం కాలేదు. మళ్ళీ చెప్పండి" అంది నా గొంతు.

సాల్మన్‌రాజు తలెత్తి నావైపు చూశాడు.

"ఇచ్చాను" అన్నాడు, ఈసారి గట్టిగా.

పన్నెండుకు ఇంకా మూడు నిమిషాలున్నాయి. కూర్చుని తిన్నాను.

పాత్రలో: అర ఇడ్లీ. పెద్ద సగం.